తిరుపాలమ్మ పానకం గంగాళం

దుర్ముఖి నామ సంవత్సరం, చైత్ర శుద్ధ నవమి. పొద్దున ఎనిమిదింటికే ఎండ చుర్రుమంటోంది, ఆకు కదలడం లేదు. గోగులపాడులో తిరుపాలమ్మ అని ఒక ముసలామె. నలభై ఏళ్లుగా రాములవారి పెళ్లిపందిట్లో పానకం ఆవిడదే అనుకో. విసనకర్ర, దొన్నెడు వడపప్పు, చెంబెడు పానకం, ఇంటింటికీ ఆవిడ చేతినుంచే పోవాలి. ఆ ఏడు చేతులు వణుకుతున్నాయి. అందుకని ఏం చేసిందంటే, వారం ముందే పందిరి వేసేటప్పుడు నలుగురి ముందూ ఒక మాట అనేసిందంట. కోడళ్లిద్దరూ చెరో కుండ కలుపుతారు, ఊరు ఎవరి కుండ ముందు తాగి ఖాళీ చేస్తే నా ఇత్తడి గంగాళం వాళ్లది, ఇకమీదట పానకం కలిపే హక్కూ వాళ్లదే అని. నలుగురిలో అన్న మాట, వెనక్కి తీసుకోడానికి లేదు.

చిన్నకోడలు నాంచారమ్మ తెల్లారి లేచి కొత్తకుండలో బెల్లం, మిరియాలు, శొంఠి వేసి కలిపింది, అంతే. పెద్దకోడలు వజ్రమ్మ తెలివి వేరు. ఊరగాయలాగే పానకమూ ఊరితే రుచి అనుకుంది. రెండు రోజుల ముందే కలిపింది. ఏలకులు, పచ్చకర్పూరం, ఎండుద్రాక్ష, ఒకటా రెండా. కొత్తకుండైతే మట్టివాసన కొడుతుందని, కల్లు గీసే సుబ్బన్న ఇంటినుంచి వాడిన కుండ తెచ్చింది. ఒకసారి తొలిచింది, అయిపోయింది.

నైవేద్యం నాంచారమ్మ కుండలోంచి అయింది, రాముడి అదృష్టం. తర్వాత పంపకం. ఏమైందంటే, వజ్రమ్మ కుండ దగ్గర జనం కదలరే. భజన వీరాస్వామి మూడో గ్లాసుకి వచ్చేసరికి పాట ఒకచోట, తాళం ఒకచోట. మా తాత కూడా ఉన్నాడు ఆ వరసలో, అబద్ధమెందుకు. సంగతి వాళ్లకి తెలియదా అంటే, తెలుసు. చెప్పినవాడికి ఇంకో గ్లాసు రాదు గదా, ఎవడు చెబుతాడు? నాంచారమ్మ కుండ సగం కూడా దిగలేదు.

“చూశావా అత్తా, నా చేతి మహిమ,” అందంట వజ్రమ్మ. తిరుపాలమ్మ కుండమీదికి వంగింది. అడుగున రెండు చెంబులుంది. మొగుడు బతికున్నన్నాళ్లూ సాయంత్రంపూట ఇంటికొచ్చిన వాసనే అది, గుర్తుపట్టదూ? ఇప్పుడు అరిస్తే ఇంటి పరువూ, పందిట్లో హక్కూ రెండూ పోతాయి. ఊరుకుంటే గంగాళం వజ్రమ్మది, ఏటేటా ఇదే పానకం. ముసలిది తొణకలేదు. వణికే చేతులతోనే కుండెత్తి, మిగిలిందంతా పందిరి గుంజ మొదట్లో పారబోసింది.

“ఎండకి దీనికీ దాహమేసినట్టుంది.”

“అదేంటత్తా, ఖాళీ అయింది గదా, గెలిచింది నేనే గదా?”

“ఊరు తాగితే అన్నాను. గుంజ తాగితే అనలేదు.” తర్వాత చెవిలో, “సుబ్బన్న కుండ సుబ్బన్నకి ఇచ్చిరా, చెట్టెక్కే వేళయింది,” అందంట. వజ్రమ్మ కుండ చంకనెత్తుకుని సుబ్బన్న ఇంటిదారి పట్టింది. నాలుక పిడచగట్టిన మగాళ్లంతా నాంచారమ్మ కుండమీద పడి చుక్క మిగల్చలేదు.

మరుసటేడు తిరుపాలమ్మ పోయింది. గంగాళమూ, హక్కూ నాంచారమ్మకి. మిరియాలు దంచే రోలు వజ్రమ్మకి. ఏటా తోడికోడలి కోసం దంచింది, బాగానే దంచింది. గుంజకి రెండు చెంబులు. మా తాతకా? ఏమీ లేదు. ఆ రోజు పందిట్లో ఆయన నిద్ర లేచేసరికి వడపప్పు కూడా అయిపోయిందంట.