ఏం ఎత్తారు?

(సర్జన్ గది. పరీక్ష బల్ల మీద వెల్లకిలా పడుకున్న భర్త, తలాపున నిలబడ్డ భార్య. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మొయ్యడం అతని పని.)

“దగ్గండి. ఇంకోసారి. ఇక్కడ నొప్పా?”

“కొంచెం మేడమ్.”

“కొంచెమట. రాత్రంతా మూలుగుడే డాక్టరమ్మా.”

“బొడ్డు పక్కన మళ్ళీ ఉబ్బిందమ్మా. మొన్న హెర్నియా ఆపరేషన్‌లో లోపల పెట్టిన వల ఒక అంచున జారింది. స్కాన్‌లోనూ అదే ఉంది.”

“దోమతెర ముక్కలాంటిది చూపించారుగా? అది వేశాక ఇక పేగు బయటికి రాదన్నారు.”

“జాగ్రత్తగా ఉంటే రాదు. చిల్లు కంటే బాగా వెడల్పుగా, కండరాల వెనక పరిచాం. దాని కన్నాల్లోంచి కండ అల్లుకోవాలి. అల్లుకోకముందే ఏదో పెద్ద బరువు లాగేసింది. ఏం ఎత్తారు?”

“ఏమీ ఎత్తలేదు మేడమ్. దగ్గానంతే.”

“ఉత్త దగ్గుకి ఇలా జారదు.”

“తుమ్మాను కూడా.”

“విన్నారా? నాకు తెలియకుండా పనికెళ్ళి ఎవరిదో బీరువా మోసొచ్చారు. అడిగితే నీళ్ళు నములుతారు.”

“వెళ్ళలేదే. కావాలంటే లారీ డ్రైవర్ని అడుగు.”

“అడిగాను. ఆయనా మీకే వత్తాసు.”

“ఎప్పట్నుంచి ఉందమ్మా ఈ ఉబ్బు?”

“పోయిన ఆదివారం నుంచి. ఆ పొద్దున స్నానం చేసి, తలనొప్పితో తడి జుట్టుతోనే మళ్ళీ పడుకున్నట్టున్నాను. కళ్ళు తెరిచేసరికి ఈయన పొట్ట పట్టుకుని నేల మీద కూర్చున్నారు. చొక్కా అంతా తడి. ఏమిటంటే చెమట అన్నారు.”

“చెమటే.”

“పిండితే కారేంత చెమటా? అప్పట్నుంచి నన్ను స్నానాల గదికి గడియ పెట్టుకోనివ్వరు. తలుపు బయటే కాపలా. ఇన్నేళ్ళ తర్వాత నా మీద అనుమానమా అంటే నవ్వుతారు. ఏదో దాస్తున్నారు డాక్టరమ్మా.”

“కాసేపు ఊరుకుంటావా?”

“ఊరుకోను. నా మీద ఒట్టేసి చెప్పండి.”

“నీ మీద ఒట్లెందుకే ఇప్పుడు.”

“అమ్మా, మీ మోచేతి మీద ఆ కమిలిన మచ్చ ఏమిటి?”

“ఇదా? నిద్రలో మంచం కోడు తగిలిందట. ఈయనే చెప్పారు.”

“మీకు గుర్తులేదా?”

“నిద్రలో తగిలింది గుర్తెలా ఉంటుంది? నా సంగతి వదిలేయండి, ఈయన్ని అడగండి.”

“చూడండి, మళ్ళీ ఆపరేషన్ తప్పదు. ఈసారి ఇంకా పెద్ద వల వేసి, అంచులు చుట్టూ కుడతాను. ఇంటికెళ్ళి మళ్ళీ అదే బరువు ఎత్తారో, ఆ కుట్లూ ఆగవు. పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది. ఇక ఎత్తనని నాకు మాటివ్వండి.”

“ఇవ్వలేను మేడమ్.”

“చూశారా, బయటపడ్డారు. ప్రాణం పోయినా మొయ్యాల్సినంత సామాను ఎవరిదండీ?”

“సామాను కాదే, నువ్వు. కుళాయి కింద పడిపోయి, కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నావు, ఇదివరకోసారి పడ్డట్టే. నీకు గుర్తుండదు. రేపు మళ్ళీ పడితే, ఎత్తకుండా ఎలా ఉండను?”