పచ్చి రంగు

దీవిలోని బతు బస్తీలో వాసవి స్టిక్కర్ల దుకాణం ముందు మణికుమార్ తన టూరిస్టు వ్యాను ఆపాడు. వాసవి వ్యాను డోరు దగ్గరికి వంగి వాసన చూసింది. పెయింటు ఇంకా పచ్చిగానే ఉంది.

"రంగెప్పుడు వేయించినారు బాబాయ్?"

"నిన్ననే. రెండు పక్కలా స్టిక్కరు వేసెయ్యమ్మా, జల్దీ. ఎల్లుండి ఓడకి టూరిస్టులొస్తన్నారు."

"మంచినీళ్లతో సముద్రపు ఉప్పు కడిగి, స్పిరిట్‌తో తుడిచి అతికిస్తాను."

"అచ్చం మీ నాన్న దాలయ్య పనితనమే!"

"ఆయన చేత్తో రాసుకున్న దుకాణం బోర్డు గుర్తుందా? ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు మీరు ఆ పేరు గీకించేసి, మీ పేరు రాయించుకున్నారు."

"పురానీ బాత్, ఆ పాత మాటెందుకమ్మా ఇప్పుడు? బండికి ఇంకేమైనా జాగ్రత్త ఉంటే చెప్పు."

పచ్చి రంగు మీద అతికించిన స్టిక్కరును పీకితే రంగంతా దానితోపాటే ఊడి వస్తుంది. ఆ మాట ముందే చెప్పి, నెల ఆగి రమ్మని వాసవి ఎవరినైనా వెనక్కి పంపేస్తుంది.

"ఏం లేదు బాబాయ్. సీజనవగానే పీకేసి కొత్తది వేయించుకోండి."

"అలాగే. నా పేరు మాత్రం పెద్దగా ఉండాల."

"ఎంత పెద్దగా?"

"ముందు నుంచి వెనకదాకా."

వాసవి మొదటిసారి నవ్వింది.

"మంచిది. మా నాన్న పేరు గీకించడానికి మీరు చాలా కష్టపడ్డారు. మీ పేరు ఊడడానికి అంత కష్టం ఉండదు బాబాయ్."