పాత శిక్ష ఉందా అని అడిగితే

హలో… ఆ, నేనే. నీ పెళ్ళాన్నే, కుముషాయ్‌ని. ఇంకెవరు చేస్తారయ్యా జైలుకి ఫోను?

…ఆ, తిన్నాలే. తిండి సంగతి తర్వాత. ఇంకో పావుగంటలో అప్పీలు కోర్టు నిన్ను అక్కణ్ణించే వీడియో తెరమీదకి పిలుస్తుంది. నేను కోర్టు వరండాలోనే ఉన్నా. వకీలమ్మ నీచేత బట్టీ పట్టించమంది.

…ఏం బట్టీయా? ఒక్క మాట. జడ్జిగారు "ఇంతకుముందు శిక్ష పడిందా?" అంటారు. నువ్వు "లేదు" అంటావు. అంతే. ఏదీ, చెప్పు.

…అదిగో! మళ్ళీ "ఉంది" అంటాడు!

…అబద్ధం కాదయ్యా! గుర్రం దొంగతనం కేసులో నువ్వు బయటికొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆరేళ్ళు బుద్ధిగా ఉంటే చాలట, ఆ శిక్షని చట్టమే తుడిచేస్తుందట. ఇక అది లేనట్టే లెక్క.

…దొంగిలించావు, నిజమే. …జైల్లో ఉన్నావు, కాదన్నానా? …మంచి గుర్రమే! జోల్దోష్, ఇప్పుడు గుర్రాన్ని పొగడకు!

…శిక్ష పెంచుతారా? పెంచరు. అప్పీలు వేసింది మనం కదా, మన అప్పీల్లో పెంచడానికి లేదట. నువ్వు నోరు అదుపులో పెట్టుకుంటే తగ్గుతుంది కూడా.

…కింది కోర్టులో ఏం చేశావో మర్చిపోయావా? అడగడమే ఆలస్యం, ఛాతీ విరుచుకుని "ఉందండీ, రెండేళ్ళు" అన్నావు! పాత దొంగ అని రాసుకుని మూడేళ్ళు వేశాడాయన. లేదని ఉంటే, ఒమురాలీ అన్న క్షమించానని రాసిచ్చిన కాగితం చూసి ఆ రోజే ఇంటికి పంపేవాడట. మొదటిసారి తప్పు చేసినవాళ్ళకే ఆ వీలు.

…ఒమురాలీ అన్నా? వచ్చాడు. ఇదిగో, నా పక్క బల్లమీద పొద్దుతిరుగుడు గింజలు నములుతున్నాడు. …కోపం ఎప్పుడో పోయింది. నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వడూ? మన గొర్రెలు కొండమీద మేతకి పోయాయని, ఇంటికొచ్చిన అతిథికి మర్యాద తక్కువ కాకూడదని, ఆ అతిథి దొడ్లోంచే పొట్టేలు పట్టుకొచ్చి ఆయనకే పెట్టావు!

…కంగారులో తోచలేదా? పెద్ద అతిథి కదా అని తలకాయ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టావే, అప్పుడైనా తోచొద్దూ? పొట్టేలు చెవి కోద్దామని ఆయన పట్టుకుంటే, దానిమీద తన మందకి గుర్తుగా ఆయన పెట్టుకున్న గాటే!

…నన్నంటావేం? నువ్వు కోసి తెచ్చావు, నేను వండాను. చెవులు చూసుకుంటూ వండుతామా ఎవరైనా?

…ఆ, మాంసం బాగుందనే అన్నాడు. ఇప్పటికీ అంటున్నాడు. రెండోసారి వడ్డించుకుని తిన్నాకే కదా పోలీసుల దగ్గరికెళ్ళాడు.

…సరే, చెప్పు. "శిక్ష పడిందా?" …"లేదు, కానీ" ఏంటి? కానీ గీనీ వద్దు! …"లేదు, అయినా" ఏంటి, అయ్యో నా ఖర్మ! ఊళ్ళో కనబడ్డవాడికల్లా ఆ జైలు కథ చెప్పి మురిసిపోయావు. జడ్జిక్కూడా చెప్పాలా? ఏం చూసుకుని నీకంత గొప్ప?

…ఏంటి? …గట్టిగా చెప్పు. కాపలావాడు వింటే విననీ.

…రొట్టెలా? …నేనే. ఆ రెండేళ్ళూ మీ జైలు వంటశాలలో రొట్టెలు కాల్చింది నేను కాక ఇంకెవరు?

…ఆ. ఒకటి తినేసి మళ్ళీ వరసలో నిలబడేవాడివి. …తెలుసు. తెలిసే పెట్టేదాన్ని.

…ఆ శిక్ష లేదంటే… నేనూ లేనట్టా?

…ఇందుకా? ఆ రోజు "ఉంది" అన్నది ఇందుకా? గొప్పలు పోయావనుకుని నాలుగు నెలలుగా తిట్టిపోస్తున్నానే నిన్ను! నోరు విప్పి చెప్పొచ్చు కదయ్యా!

…ఏడవట్లేదు. ఇక్కడంతా దుమ్ము. …ఒమురాలీ అన్నా, మీరు కాస్త అటు తిరగండి!

…విను. అన్నం తిన్నానని ఇందాక అబద్ధం చెప్పా. ఆ ఇంట్లో ఒక్కదాన్నే కూచుంటే ముద్ద దిగట్లేదు. చట్టం ఏం తుడుచుకుంటే మనకేం? నన్నెవరు తుడుస్తారు? ఆ ఒక్క మాటా అనేసి ఇంటికి రా.

…ఆ! అదీ! ఇంకోసారి అను. …అబ్బ, ఎంత చక్కగా అన్నావు!

…పిలుస్తున్నారా? వెళ్ళు, వెళ్ళు. టోపీ సరిచేసుకో. "లేదు" అని ఆపెయ్, ఇంకేం మాట్లాడకు—

…ఏంటీ? "శిక్ష లేదండీ, పెళ్ళాం మాత్రం ఉంది" అంటావా? వద్దయ్యా బాబూ, నీకు దణ్ణం పెడతా! జోల్దోష్, అలా అన్నావంటే— హలో? …హలో?