పెదనలో చద్దన్నం మహిమ

ముసురు పట్టిన పొద్దున, పెదన బస్టాండు పక్క టీకొట్టులో నలుగురు చేరేసరికి ధనుంజయరావుకి గొంతు లేచింది. ముప్పై ఏళ్లు కలంకారీ అద్దకం చేసి మానేసిన మనిషి. ఇంట్లో ఆయన మాట వినేవాళ్లు లేరు, ఇక్కడున్నారు.

"ఆర్నెల్లు కడుపులో మంటయ్యా. రాత్రి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి తోడేసి, పొద్దున్నే ఉల్లిపాయతో తిన్నాను. నెల తిరిగేసరికి మంట పోయింది. అందులో మంచి బ్యాక్టీరియా ఉంటుందటలే."

అంతవరకు నిజమే. కానీ కొట్టు గణపతి గ్లాసు అందిస్తూ, "ఆ తర్వాతండీ?" అన్నాడు. ఆ మాట వింటే ధనుంజయరావు ఆగలేడు.

"తర్వాత ఏమైందో తెలుసా? ఆ బ్యాక్టీరియా కడుపులో ఊరుకుంటుందా, ఊపిరితిత్తుల్లోకి ఎక్కింది. నా ఆయాసం చేత్తో తీసేసినట్టు పోయింది. గుడివాడ బస్సు తప్పిపోతే వెనకే పరిగెత్తి, అది చేరేలోపు అక్కడ టీ తాగేశాను. హంసలదీవిలో సరదాకి శంఖం ఊదితే, తుఫాను హెచ్చరికనుకుని పడవలన్నీ ఒడ్డుకొచ్చేశాయి. బెజవాడ డాక్టరు నా కఫం బొట్టు మైక్రోస్కోపు కింద పెడితే, బ్యాక్టీరియా వరసగా నిలబడి ఆయనకి నమస్కారం పెట్టింది."

"తెలుగులోనేనా అండీ?" అన్నాడు గణపతి. అందరూ నవ్వారు.

బల్ల చివర కూర్చున్న పోలయ్య నవ్వలేదు. మగ్గం నేసుకునే మనిషి. అతని టీ చల్లారిపోయింది.

"మా ఆవిడ ముత్యాలమ్మ కూడా నెల్లాళ్లుగా తింటోందండి. మీకు ఆయాసం పోయిందని అప్పట్లో ఇక్కడే అన్నారు కదా, అది విని తన ఆయాసానికి పీల్చే మందు మానేసింది. మొన్న ఊపిరందక పెదాలు నీలమైతే బందరు ఆస్పత్రిలో చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు."

నవ్వులు ఆగిపోయాయి.

"చద్దన్నం తినొచ్చు గానీ మందు మానకూడదని డాక్టరమ్మ చెప్పిందండి. మా ఆవిడ వినట్లేదు. ధనుంజయరావుగారికి తగ్గింది కదా, నాకూ తగ్గుద్ది అంటోంది. మందు మానేశాక మీకు ఎన్నాళ్లకి తగ్గిందో కనుక్కురమ్మంది."

నిలదీయడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. ధనుంజయరావుకి అదే ఎక్కువ గుచ్చుకుంది. సర్దిచెప్పే మాటలు నోటిదాకా వచ్చాయి. మింగేశాడు.

"నాకు ఆయాసం ఎప్పుడూ లేదు, పోలయ్యా."

పోలయ్య చల్లారిన టీ పక్కకి నెట్టి లేచాడు. "నేను చెబితే నమ్మదండి. మీరే రావాలి."

బందరు బస్సు రాగానే ఇద్దరూ ఎక్కారు. ఆస్పత్రి మంచం పక్కన నిలబడి, ధనుంజయరావు దాచకుండా ఉన్నమాట చెప్పాడు.

ముత్యాలమ్మ మాస్కు కాస్త పక్కకి లాగి, "ఊరికే అన్నారా, అన్నయ్యగారూ?" అంది.

ఆయన అవునన్నట్టు తలూపాడు.