ఏడు అధ్యాయాల ఆచార్యురాలు

1989 జూలై 17, సోమవారం నాడు గణాంక శాస్త్ర శాఖలో ఉపన్యాసకురాలిగా చేరిన మా ఆచార్యురాలు, ముప్ఫై ఆరేళ్ల నిర్విరామ బోధన అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి ఏడాది వారు యాభై నిమిషాలూ ఎడతెరిపి లేకుండా పాఠం చెప్పేవారు. మాట ఆగితే తనకు తెలియనిదేదో బయటపడుతుందని లోలోపల వణుకు. ఒకనాడు, ఏం అర్థమైందో రాసిమ్మని తరగతిలో చీటీలు పంచారు. చాలావరకు ఖాళీగా తిరిగొచ్చాయి. ఒకదాని మీద మాత్రం "మీకు బాగా అర్థమైంది మేడమ్" అని ఉంది. ముందు కోపం వచ్చింది. ఇల్లు చేరేసరికి అది సిగ్గయింది, మర్నాటికి బోధనా పద్ధతి అయింది.

ఆ తరువాత ప్రతి తరగతీ చీటీలతో ముగిసి, మరుసటిది వాటిలోని సందేహాలతో మొదలయ్యేది. ప్రశ్న వేసి, మనసులో పది లెక్కపెడుతూ నిశ్శబ్దాన్ని ఓర్చుకోవడం వారు కష్టపడి నేర్చుకున్నారు. ఇంట్లోనూ అదే వరస. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి అమ్మ పది లెక్కపెట్టేలోగా తమ కంచాలు ఖాళీ అయ్యేవని వారి అమ్మాయి నవ్వుతుంది.

ఇలా సాగితే సిలబస్‌లోని పన్నెండు అధ్యాయాలు పూర్తికావు. కోర్సు ముగిసేనాటికి విద్యార్థి ఏం చేయగలగాలో ముందుగా రాసుకుని, అందుకు అక్కరలేని ఐదింటిని వారు 2003లో కొట్టేశారు. పై అధికారుల నుంచి సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. కోర్సును మరొకరికి అప్పగిస్తామన్నారు. పాఠ్యప్రణాళికా మండలి ముందు నిలబడిన రోజు వారి గొంతు తగ్గలేదు.

"సిలబస్ పూర్తిచేయడం మీ బాధ్యత కాదా అమ్మా?" అన్నారు అధ్యక్షులు.

"నేను గబగబా చెప్పేస్తే పూర్తయ్యేది నా నోట్సు సార్, వాళ్ల చదువు కాదు."

మండలి ఒక విద్యార్థినిని పిలిపించి, చెప్పకుండా వదిలేసిన తొమ్మిదో అధ్యాయంలోంచి ప్రశ్న అడిగింది. ఆ అమ్మాయి తమ మేడమ్ వైపు చూసింది. సైగ చేశారన్న మాట రాకూడదని వారు తల తిప్పుకున్నారు.

"అది మాకు చెప్పలేదు సార్. పుస్తకం ఇచ్చి ఓ అరగంట టైమివ్వండి, చదివి చెబుతాను."

అరగంట తరువాత ఆ అమ్మాయి బోర్డు మీద లెక్క చేసింది. ఒకచోట తప్పింది, తానే దిద్దుకుంది. కోర్సు వారి చేతిలోనే ఉండిపోయింది. సర్వీసు పుస్తకంలో మెమో కూడా ఉండిపోయింది. తీసేయమని అర్జీ పెట్టుకోమంటే, "ఉండనీండి, నేను పనిచేశానని రాతపూర్వకంగా ఉన్న ఆధారం అదొక్కటే" అన్నారు.

వారు వెళ్లగానే పన్నెండు అధ్యాయాలనూ పునరుద్ధరించాలని గత నెల సర్క్యులర్ వచ్చింది. శాఖలోని ఆరుగురమూ ఒప్పుకోబోమని సంతకాలు చేసి తిప్పి పంపాం. ఈ వాదన నెగ్గే రోజును కళ్లారా చూసేంత దీర్ఘాయువు, అవసరమైతే మాతోపాటు మళ్లీ మండలి ముందుకు వచ్చి నిలబడేంత ఆరోగ్యం వారికి కలగాలని మనసారా కోరుకుంటున్నాం.