గేరు మావయ్య ఊఁ అన్నాడు

గేరు మావయ్య ఒకప్పుడు మెకానిక్ షెడ్డు నడిపాడు, ఇప్పుడు నోరు నడుపుతున్నాడు. షెడ్డుకి ఆదివారమైనా సెలవుండేది, నోటికి అదీ లేదు. పొద్దున్నే తన పాత స్కూటర్ మీద టీ కొట్టుకి వచ్చి, దాన్ని గోడకి చేరేసి, బల్ల చివర చోటు చూసుకుని కూర్చున్నాడంటే, ఇక అక్కడికి టీ కోసం వచ్చినవాళ్ళు టీతో పాటు కథ కూడా మింగి పోవాల్సిందే. ఆయన ఇంటి ముందు పల్లం కాబట్టి స్కూటర్ రావడానికి ఏ పేచీ పెట్టదు. కొట్టు ముందు చదును. తిరిగి వెళ్ళేటప్పుడు నలుగురూ కలిసి మలుపు దాకా తోస్తే గానీ కదలదు. కథ విన్నందుకు జనానికి అదొక అదనపు శిక్ష.

కొట్టు అక్కది. ఆ వీధిలో పెద్దా చిన్నా అందరూ ఆమెని అక్కా అనే పిలుస్తారు. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే. డాక్టరమ్మ దగ్గర కారు డ్రైవరు.

ఆ రోజు పొద్దున తమ్ముడు స్టేషనుకి పోతూ టీ తాగడానికి ఆగాడు. డాక్టరమ్మ రైల్లో దిగుతోంది. ఆవిడని తీసుకురావడానికి ఈమధ్య రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళాడు. "మళ్ళీ ఆలస్యమైతే తాళాలు ఇంట్లో ఇచ్చేసి నీ దారి నువ్వు చూసుకో," అని ఆవిడ చాలా నెమ్మదిగా చెప్పింది. అరిచే మనిషి కాదు. అందుకే వాడికి మరీ భయం.

వాడు వంగి చేతులు కడుక్కుంటుంటే చొక్కా జేబులోంచి ఒక తాళం జారి బకెట్టులో పడబోయింది. డాక్టరమ్మ రెండో కారుదట. సర్వీసింగు వాళ్ళు పొద్దున్నే కారు ఇంటి దగ్గర వదిలి, తాళం వీడి చేతిలో పెట్టి పోయారట.

"ఇలా జేబులో వేసుకునే కదా పోయినేడు ఒకటి పారేశావు!" అని అక్క ఒంటికాలి మీద లేచింది. వాడు బల్ల మీద పెట్టిన కారు తాళం రింగు అందుకుని, గోరుతో విడదీసి, ఆ రెండో తాళం కూడా తనే అందులోకి ఎక్కించింది. "ఇప్పుడెలా పోతుందో నేనూ చూస్తాను."

టీ తాగి తమ్ముడు వెళ్ళి కారెక్కాడు. ఇంజను గుర్రుమని లేచింది, వెంటనే చప్పున ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. డ్యాష్‌బోర్డు మీద చిన్న తాళం బొమ్మ ఒకటి ఎర్రగా కొట్టుకుంటోంది. అలా ఎన్నిసార్లు చేశాడో గానీ, చివరికి రింగు వేలికి తగిలించుకుని ముఖం వేలాడేసుకుని కొట్టు దగ్గరికి తిరిగొచ్చాడు.

"ఇంకో కారు పిలిచి పంపించరాదూ?" అన్నాడు బల్ల మీద కూర్చున్న పోస్ట్‌మ్యాన్.

"ఆవిడతో వాళ్ళమ్మ వస్తోందన్నా. చక్రాల కుర్చీ. అది మడిచి పెట్టేంత డిక్కీ ఈ కారుకే ఉంది. నడవలేని మనిషిని ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టి ఎదురుచూడమంటానా? నా పనైపోయింది."

ఈ ఉద్యోగం కోసం వాడు ఎన్ని గుమ్మాలెక్కాడో అక్కకి తెలుసు.

గేరు మావయ్య గ్లాసు కింద పెట్టాడు. "అల్లుడూ, కంగారు పడకు. కారులో దొంగల కోసం ఒక లాకు పెడతారు. దొంగ వచ్చాడనుకుంటే అది ఇంజను గొంతు నొక్కేస్తుంది. నీ కారు నిన్ను దొంగనుకుంటోంది, అంతే."

"బాగు చేయగలవా మావయ్యా?"

"బాగు చేయడమా! ఇలా కూర్చో, చెప్తాను."

అక్కడే తెలిసిపోవాలి, మావయ్య లేవడని. కానీ మునిగేవాడికి బల్ల అంచైనా ఆసరాగానే కనిపిస్తుంది. తమ్ముడు సర్వీసింగు వాళ్ళకి ఫోను కలుపుతూ పక్కన నిలబడ్డాడు. మావయ్య మొదలుపెట్టాడు.

"నా షెడ్డు నడిచే రోజుల్లో ఒకాయన వచ్చి, 'బాబూ, నా కారు లేస్తోంది, పడుకుంటోంది,' అన్నాడు. వెళ్ళి చూద్దును కదా, అప్పటికే ఇద్దరు మెకానిక్కులు బ్యాటరీ ఊడదీసి వాకిట్లో పెట్టి, దానికి అటొకడు ఇటొకడు దిగులుగా కూర్చున్నారు. నేను బానెట్టు ఎత్తనేలేదు. బ్యాటరీ దాని చోట పెట్టేసి తాళం ఇలా పట్రండి అన్నాను. గుత్తిలో రెండున్నాయి. ఒకటి తీసి అవతల పెట్టి, రెండోదాంతో తిప్పాను. లేచింది, మళ్ళీ పడుకోలేదు. అంతే."

ఆ మాట అంటున్నప్పుడు అక్క పొంగుతున్న పాలు దించుతోంది. చెవిన పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. తమ్ముడు ఫోనులో బతిమాలుకుంటున్నాడు. వినడానికి మిగిలింది పక్క కొట్టు టైలరూ, పోస్ట్‌మ్యానూ.

"అంతేనా?" అన్నాడు టైలరు, మెడలో టేపు సర్దుకుంటూ. వాడు ఇంతకన్నా పెద్దది ఆశించి రెండో టీ కూడా చెప్పాడు పాపం.

ఆ 'అంతేనా' అన్నమాటే కొంప ముంచింది. లేకపోతే మావయ్య ఆ రోజు నిజం దగ్గరే ఆగిపోయేవాడేమో.

"అంతే అంటే అంతేనా మరి? ఆ తర్వాత ఏమైందో తెలుసా? అదే కారు నెల తిరక్కుండా మళ్ళీ మొరాయించింది, ఈసారి తాళం తప్పు కాదు, ఆయన మీసం తీయించుకున్నాడు, అదీ సంగతి, కారు ఆయన్ని ఎగాదిగా చూసి నువ్వు మా ఓనరువి కావు పొమ్మంది, ఆయన ఆధార్లూ లైసెన్సులూ అన్నీ అద్దానికి ఆనించి చూపించాడు, ఊహూఁ, అప్పుడు నేను వెళ్ళి వేలితో కాస్త గ్రీజు తీసి ఆయన పెదవి మీద మీసం గీశాను, ఎడం పక్క కాస్త వంకర పోయింది, కారు లేచింది గానీ, ఎడం పక్క ఇండికేటరు మాత్రం ఆయన చనిపోయేదాకా వెలగలేదు."

"అనుమానం పూర్తిగా తీరి ఉండదు," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"అదీ, నీకు అర్థమైంది!" మావయ్యకి హుషారు వచ్చింది.

తమ్ముడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మెకానిక్కు బయటికి వెళ్ళాడట. మధ్యాహ్నం పంపిస్తారట." గోడ గడియారం వైపు చూసి, చూడలేక తల తిప్పుకున్నాడు. "మావయ్యా, ఒక్కసారి వచ్చి నా కారు చూడవా?"

"వస్తున్నాగా, అసలు సంగతి దగ్గరికే వస్తున్నా. ఈ విషయం తెలిసి ఒక కోటీశ్వరుడు నా కోసం మనిషిని పంపాడు, ఆయనకి నలభై కార్లు, నలభై తాళాలూ ఒకే గుత్తి, ఆ గుత్తి మొయ్యడానికి ఒక మనిషి, ఆ మనిషికి నడుం నొప్పి వస్తే పట్టడానికి ఇంకో మనిషి. ఒకరోజు నలభై కార్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎందుకో తెలుసా? తాళం తలకాయలో బియ్యపు గింజంత చిప్పు ఒకటుంటుంది, కారు 'ఎవరు నువ్వు?' అని అడిగితే అది పేరు చెప్తుంది, ఒక్కటైతే సరే, క్లాసులో పిల్లలంతా ఒక్కసారే హాజరు పలికితే పంతులమ్మకి ఎవరి గొంతు వినబడుతుంది? కంపెనీ నుంచి ఇంజనీర్లు దిగారు, ఏడు పెట్టెల కంప్యూటరు తెచ్చి తగిలించారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారు ఆ కంప్యూటర్నే అనుమానించి దానికీ తాళం వేసేసింది, వాళ్ళ చేతిగడియారాలు ఆగిపోయాయి, వాళ్ళు దిగిన హోటల్లో లిఫ్టు మధ్యలో నిలబడిపోయి, పేరు చెప్తే గానీ తలుపు తియ్యనంది."

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు టైలరు.

"హోటలు మేనేజరే ఉన్నాడు. కానీ భయంలో సొంత పేరు మర్చిపోయాడు."

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. కడుగుతున్న గ్లాసు చేతిలోనే ఆగిపోయింది.

మావయ్య కోతల సంగతి ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రోజూ వినేది ఆమే. ఆయన దేన్నైనా పెంచుతాడు గానీ, ఏమీ లేనిచోట పుట్టించడు. పోయిన వానాకాలం తన ఇంట్లోకి పాము దూరిందని మొదలుపెట్టాడు. కథ పూర్తయ్యేసరికి అది ఫ్రిజ్జుని మింగి, లోపల లైటు వెలుగుతుండగా గోడ దిగి పోయింది. తర్వాత ఆయన భార్యని అడిగితే, "ఫ్రిజ్జు ఉన్నచోటే ఉంది గానీ, పాము మాత్రం నిజంగానే దూరిందమ్మా," అంది. టీ వడకట్టినట్టు ఆయన మాటల్నీ వడకట్టుకోవాలి. తాళాలు ఇప్పుడు నలభైకి పెరిగాయి. అంతకుముందు, పాలు పొంగినప్పుడు, ఎన్నన్నాడు?

రెండన్నాడు. ఒకటి తీసి అవతల పెట్టానన్నాడు.

అక్క తమ్ముడి వేలు వైపు చూసింది. రింగు ఊగుతోంది. దానికి రెండు తాళాలు. రెండింటికీ ఒకేలాంటి నల్లటి తలకాయలు. రెండోదాన్ని అక్కడికి ఎక్కించింది ఎవరో కాదు, తనే. తన చేత్తో వాడి ఉద్యోగానికి ముడి వేసి, మళ్ళీ తనే కళ్ళనీళ్ళు పెట్టుకోబోతోంది.

గ్లాసు వదిలేసి వచ్చి, తడి చేతుల్తోనే వాడి వేలినుంచి రింగు లాగింది. ఎక్కించినప్పుడు సులువుగా ఎక్కిన తాళం దిగేటప్పుడు గోరు విరిచింది. దాన్ని గుప్పిట్లో దాచుకుని మిగతాది వాడి చేతిలో పెట్టింది.

"పోయి ఒక్కసారి తిప్పి చూడు. ఏమీ అడక్కు. ఇది సాయంత్రం వచ్చి పట్టుకుపో."

వాడు అక్క ముఖంలోకి చూసి, నిజంగానే ఏమీ అడక్కుండా నడిచాడు. మావయ్యకి ఇదేదీ పట్టలేదు. ఆయన అప్పటికే హోటలు దాటి పట్నం మధ్యకి వచ్చేశాడు.

"ఆ అనుమానం అంటురోగంలా కారు నుంచి కారుకి పాకింది, బస్సులు ఆగిపోయాయి, క్రేన్లు ఆగిపోయాయి, ట్రాఫిక్ లైటు ఎర్రగానే ఉండి ఒక్కొక్కడినీ 'ఎవరు నువ్వు, ఎక్కడికి, పనేంటి?' అని అడుగుతోంది, రేవులో ఓడలు, పైన విమానాలు, ఎక్కడివక్కడ నిలబడిపోయాయి."

"పైన కూడా నిలబడ్డాయా?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"దిగుదామంటే దిగే చోటు పేరు చెప్పమంటోంది కదయ్యా మరి! ఇక లాభం లేదని నా కోసం పరిగెత్తుకొచ్చారు. నేను తలకి సబ్బు రాసుకుని ఉన్నాను. కడుక్కునే టైము లేదన్నారు. ఆ సబ్బుతోనే నాలుగు రోడ్ల మధ్య నిలబడ్డాను, ఒక కన్ను తెరిచి ఇలా చుట్టూ చూశాను, పానాలు లేవు, పనిముట్లు లేవు, వేలు కూడా కదపలేదు. ఏం చేశానో తెలుసా?"

"ఏం చేశావ్?"

మావయ్య వీపు నిటారుగా పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని, కళ్ళు సగం మూసి, గంభీరంగా అన్నాడు.

"ఊఁ!"

బయట కారు గుర్రుమంది.

గుర్రుమని ఆగలేదు. ఆగకుండా అలాగే మోగుతూ, గేరు పడి, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. తమ్ముడి చెయ్యి కిటికీలోంచి ఊగడం మాత్రం అక్కకి కనిపించింది.

టైలరు నోరు తెరిచాడు. పోస్ట్‌మ్యాన్ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది మావయ్యే, కానీ అది ఎవరూ చూడకముందే సర్దుకున్నాడు.

"చూశారుగా," అన్నాడు, చాలా మామూలుగా. "అది పెద్ద ఊఁ కూడా కాదు. మీ కోసం చిన్నగా అన్నాను."

అక్క గుప్పిట్లో తాళం గుచ్చుకుంటోంది. చెయ్యి విప్పితే మావయ్య గాలి పోతుంది, దాంతో పాటు తన తెలివితక్కువతనమూ బజార్న పడుతుంది. అసలైతే ఆయనకి దణ్ణం పెట్టాలి. మొదటి మాట ఆయన నిజం చెప్పబట్టే కదా తమ్ముడు బయటపడ్డాడు. ఊరుకుందామనే అనుకుంది.

కాసేపటికి ఆమె ఫోను మోగింది. "అక్కా, స్టేషనుకి వచ్చేశాను. రైలు ఇంకా రాలేదు. కారు బంగారంలా నడిచింది." అక్కకి ప్రాణం లేచొచ్చింది. అంత సంతోషంలో ఇక దాచబుద్ధి కాలేదు. గుప్పిట విప్పి తాళాన్ని బల్ల మీద, మావయ్య గ్లాసు పక్కన పెట్టింది.

"మావయ్యా, రెండో తాళం ఆ గుత్తికి తగిలించింది నేనే, మూర్ఖురాల్ని. తీసిందీ నేనే. తమ్ముడు కారెక్కి కూర్చున్నాక నువ్వు ఊఁ అన్నావు. నువ్వు మొదట చెప్పిన ముక్కే వాణ్ణి గట్టెక్కించింది. తర్వాతవన్నీ వాడికి ఆలస్యం చేశాయి."

మావయ్య తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తడబడలేదు.

"నీకు అలా అనిపిస్తుందమ్మా. అంతమంది ఉండగా ఆ తాళం తీయాలని నీ ఒక్కదానికే ఎందుకు తట్టింది? నేను లోపల ఊఁ అనుకోవడం మొదలుపెట్టి అప్పటికి చాలాసేపైంది. పైకి వినబడింది చివరిది."

పోస్ట్‌మ్యాన్ నిజమేనన్నట్టు తలాడించాడు. టైలరు మాత్రం లేచి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. రోజూ స్కూటర్ వెనక తోసేది ఎక్కువగా వాడే.

"అయితే మాకు ఒక పని తప్పింది మావయ్యా," అన్నాడు. "ఇవాళ నీ స్కూటర్ మేమెవరం తొయ్యం. ఎదురుగానే ఉంది. ఊఁ అను, ఎక్కి వెళ్ళిపో."

అందరూ గోడ వైపు తిరిగారు. స్కూటర్ గోడకి చేరగిలి, మావయ్య చేరేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. మావయ్య దాని వైపు చాలాసేపు చూశాడు. గుండెల నిండా గాలి కూడా పీల్చుకున్నాడు.

"ఇంకో టీ పొయ్యమ్మా," అన్నాడు.