పులి ఊపిరి పట్టిన లెన్సు

స్టాండు కెమెరాను బేరం పెట్టిన సంగతి మహాలక్ష్మికి ఎవరూ చెప్పలేదు. ఆమె తలుపు తీసుకుని అరుగు మీదికి వచ్చేసరికే దాని మూడు కాళ్ళూ మడిచి, కొబ్బరితాడుతో కట్టి, నల్లగుడ్డ చుట్టి గోడకు ఆనించారు. పుట్టింటికి తరిమేసే కోడలిని మూటతో సహా గడప బయట నిలబెట్టినట్టుంది చూడబోతే. కట్టినవాడు ఆమె మొగుడు గురునాథం. ఎత్తుకపోవడానికి కూర్చున్నవాడు కంభం నరసింహారావు. ఆ కెమెరా మాత్రం ఇద్దరిదీ కాదు. మహాలక్ష్మి నాయన మద్రాసులో కొని, రైల్లో కింద పెడితే అదురుతుందని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నది. మార్కాపురంలో పెళ్ళయినా, బడిపిల్లల గుంపు ఫోటో అయినా, పోయినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి తీసే ఆఖరి బొమ్మ అయినా ఆ గాజుకన్ను ముందరే జరగాలి. ఆయన పోయినాక కెమెరా కూతురిదయింది, స్టూడియో బోర్డు మీది పేరు అల్లుడిదయింది. బోర్డులు రాసేదీ రాయించేదీ మగవాళ్ళే గనక అందులో వింతేమీ లేదు.

మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న రోజులవి. పలకల ఫ్యాక్టరీ ఆసామి ఒకాయన, తన పలకల పెట్టెల మీద అంటించడానికి ఒక బొమ్మ కావాలన్నాడు. ముందర పలకల గని, వెనక నల్లమల కొండలు, ఆ కొండలు ఆకాశం నిండా లేచి నిలబడాలి. గురునాథం దగ్గర మెడలో వేసుకునే చిన్న కెమెరా ఒకటుంది. దాంతో తీస్తే కొండలు గోడ మీద పాకే చీమలబారులాగా వచ్చాయి. అప్పుడు దిగాడు నరసింహారావు, ఎవరో వాడి వదిలేసిన పొడుగు లెన్సొకటి తువ్వాలులో చుట్టుకుని. లెన్సు నీది, స్టాండు కెమెరా నాది, గిద్దలూరు బస్సెక్కి నా దోవన నేను పోతా, అని బేరం.

నిజం చెప్పాలంటే మహాలక్ష్మికే ఆశ పుట్టింది. నిన్న నరసింహారావు దాన్ని తన కెమెరాకు బిగించి చూపించినప్పుడు ఆమే ముందు కన్ను పెట్టింది. కొండలు కనురెప్పల మీదికి వచ్చి నిలబడ్డాయి. చెట్టుకు చెట్టు విడివిడిగా కనపడింది, రెండు కొండల మధ్య నీలిమంచు కదిలింది. అబ్బ, అనుకుంది. అయితే ఆశపడేది ఆమె, ఇచ్చేది ఆమె సొమ్ము, మాట్లాడుకునేది మాత్రం అరుగు మీది మగవాళ్ళు! పక్క టీ అంగడి ఆదెయ్య గ్లాసులు పట్టుకొచ్చి అక్కడే చతికిలబడ్డాడు. ఫ్యాక్టరీ గుమస్తా చెన్నయ్య, బొమ్మ ఎప్పుడిస్తారో కనుక్కురమ్మంటే వచ్చి, కనుక్కునే పని మర్చిపోయి వింటున్నాడు.

"నేను గొప్పలు చెప్పను" అన్నాడు నరసింహారావు, టీ ఊదుకుంటూ. "గొప్పలు చెప్పేటోడంటేనే నాకు ఒళ్ళు మంట. జరిగింది జరిగినట్టు చెప్తా, నమ్మితే నమ్మండి. కంభం చెరువు కట్ట మీద నిలబడినా. అవతలి గట్టున ఒక కొంగ. మామూలు కంటికి అది సున్నం చుక్క. ఈ లెన్సు పెట్టినా, కొంగ. ఇంకొంచెం తిప్పినా, దాని ముక్కు. ఇంకొంచెం తిప్పినా, ముక్కులో చేప. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మింగింది" అన్నాడు చెన్నయ్య.

"మింగలే! మింగబోతా నన్ను చూసింది. అది నాకు అంత దగ్గరికొస్తే నేనూ దానికి అంత దగ్గరికి పోయినట్టే గదా. బెదిరి నోరు తెరిచింది. చేప జారి నీళ్ళలో పడి, ఈదుకుంటా పోతా పోతా వెనక్కి తిరిగి..."

"దండం పెట్టిందా అన్నా?" అన్నాడు ఆదెయ్య.

"చేపకు చేతులుంటాయంటయ్యా? తెలివితో మాట్లాడు. తల ఊపింది."

గురునాథం కూడా తల ఊపాడు. మహాలక్ష్మి అది చూసి పళ్ళు కొరుక్కుంది. చేప ఊపిన దానికంటే ఈయన ఊపిందే ఎక్కువ.

చెన్నయ్య లెన్సును చేతిలోకి తీసుకుని, దాని రింగు మీది అంకెలు వేలుపెట్టి చదివాడు. "ఎనభై అయిదు నుంచి రెండు వందల యాభై దాకా ఉండాయే, ఏందివి?"

"మైళ్ళు."

"మరి నల్లమల మనకు అంత దూరం లేదు గదన్నా? దగ్గరివి కనపడవా దీంట్లో?"

"దగ్గరివి చూసేదానికి దేవుడు కళ్ళిచ్చినాడు. వాటిని గూడా లెన్సుతోనే చూస్తానంటే ఆయన ఊరుకుంటాడా?"

ఆదెయ్య పకపకా నవ్వాడు. మహాలక్ష్మి నవ్వలేదు. లెన్సు చెన్నయ్య చేతిలోనుంచి లాక్కుని, వెలుతురుకు పట్టి చూసింది. లోపలి గాజుల మధ్యన సాలెపోగులాంటి మచ్చ, అంచు నుంచి లోపలికి పాకుతోంది. వానాకాలం పెట్టెలో మూతవేసి మర్చిపోయిన ఫోటోల మీద ఆమె రోజూ చూసే జబ్బే అది.

"అన్నా, దీని లోపల బూజు పట్టిందే?"

"చెల్లెమ్మా!" నరసింహారావు గుండె మీద చెయ్యేసుకున్నాడు. అవమానం జరిగిన మనిషి మొహమది. "బూజా? అది బూజా? చెప్పకూడదనుకున్నా, నువ్వు చెప్పిస్తున్నావు. దిగువమెట్ట అడవిలోకి పోయినా పోయిన చలికాలం. నేనొక కొండ మీద, మధ్యన రెండు కొండలు వదిలేస్తే మూడో కొండ మీద పులి. పడుకోని ఉండాది. లెన్సు పెట్టినా, తిప్పినా. పులి దగ్గరికొచ్చింది. ఇంకా తిప్పినా. చారలు లెక్కబెట్టుకునేంత దగ్గరికొచ్చింది. మనం ఊరుకుంటామా, ఇంకా తిప్పినా. దాని మీసాలు గాజులోనుంచి ఇవతలికొచ్చి నా చెంపకు గుచ్చుకున్నాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆదెయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఏమైంది?"

"చక్కిలిగింత పుట్టి తుమ్మినా. పులి ఉలిక్కిపడి లేచి 'హా' అని ఊపిరొదిలింది. ఆ ఊపిరి లెన్సులోకి వచ్చి, బయటికి దోవ తెలవక అట్లనే ఉండిపోయింది. అదమ్మా నువ్వు బూజంటున్నది. మద్రాసులో ఒకాయన ఆ మచ్చ కోసమే దీన్ని అడిగినాడు, నేనియ్యలే."

"ఫోటో తీసినావా మరి?" అన్నాడు ఆదెయ్య.

"పులి తలకాయ లెన్సులో ఇరుక్కోనుంటే ఫోటో ఎట్ల తీస్తారయ్యా? మెల్లగా రింగు వెనక్కి తిప్పుకుంటా దాని కొండ మీద దాన్ని దించి వచ్చినా. దాన్ని ఈడికి లాక్కొచ్చేస్తే ఫారెస్టోళ్ళు కేసు పెట్టరూ?"

"చట్టం తెలిసిన మనిషి" అన్నాడు చెన్నయ్య భక్తిగా.

మహాలక్ష్మికి ఒళ్ళు మండింది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అడిగింది ఆమె. బూజును తీయించుకోవచ్చా, తీయించుకోకపోతే బొమ్మలో కొండ మీద పొగలాగా కమ్ముతుందా అని ఎవరైనా చెబితే చాలు. దానికి పులినంతా మోసుకురావాలా? మగవాడు అబద్ధం చెప్పినా అది కథ అవుతుంది, చుట్టూ చేరి టీ తాగుతారు. ఆడది నిజం అడిగినా అది నస అవుతుంది.

"ఊరుకోవే, పెద్దమనిషి చెప్తున్నాడు" అని అననే అన్నాడు గురునాథం.

"పెద్దమనిషి చెప్పేది మీరు వినండి. నేను నా సొమ్ము సంగతి కనుక్కుంటున్నా" అంది మహాలక్ష్మి. అంటూనే లెన్సు మూతిని నేల వైపుకు వంచింది. ఎవరూ ముట్టుకోకుండానే దాని రింగు జర్రున ముందుకు జారిపోయింది. పైకెత్తితే మళ్ళీ వెనక్కి జారింది. "ఇదేందన్నా? పట్టు లేదు దీనికి. గని అంచున నిలబడి కిందికి వంచితే మనం పెట్టిన చోట నిలుస్తుందా ఇది?"

నరసింహారావు ఈసారి కోప్పడలేదు. జాలిపడ్డాడు. అది ఇంకా కష్టం భరించడానికి.

"ఈ లెన్సు పేరేందో తెలుసా చెల్లెమ్మా? జూము అంటారు దొరలు. వాళ్ళకు నోరు తిరగక అట్లంటారు గానీ, అది మన జామే. మొదటి జాము, రెండో జాము లేదూ? ఆ జాము. మన దగ్గర నేర్చుకోని పోయి, వాళ్ళ ముద్ర కొట్టి మనకే అమ్ముతున్నారు, అన్యాయం గాదూ? మరి పొద్దు వాలుతుంటే జాము జరగదా? జరుగుతుంది గనకనే రింగూ జరుగుతా ఉంది. పట్టు లేకపోవడమా! కాలాన్ని ఎవరు పట్టుకోగలరమ్మా?"

చెన్నయ్య కళ్ళు పెద్దవయ్యాయి.

"అంటే ఇది కాలాన్ని గూడా చూపిస్తాదా?"

"అర్ధవీడు కాడ ఒకాయన మేకలు పోయినాయి. మిట్టంతా ఖాళీ. ఏడుస్తా కూర్చున్నాడు. నేను లెన్సు పెట్టి రింగును ఒక జాము వెనక్కి తిప్పినా. మిట్ట మీద మేకలు! తోలుకోని పోతున్నోడు ఎవరనుకున్నారు, వాళ్ళ బామ్మర్దే, ఎర్రతువ్వాలు తలకు చుట్టుకోని. క్లిక్కుమనిపించినా. ఫోటో తీసుకపోయి స్టేషన్లో ఇస్తే ఎస్సైగారు లేచి నిలబడి, ఏమయ్యా, దొంగతనం జరిగేటప్పుడు నువ్వాడ లేవు, ఫోటో మాత్రం ఉండాది, ఏందిది అన్నాడు. జాము సార్, అన్నా. సెల్యూట్ కొట్టినాడు."

"అన్నా, అన్నా" ఆదెయ్య ముందుకు జరిగాడు. "నిన్న మా అంగట్లో గ్లాసులెవరు పగలగొట్టినారో రవ్వంత వెనక్కి తిప్పి చూడన్నా."

"గ్లాసులకూ గిన్నెలకూ వాడితే దీని శక్తి పోతాది. అందుకే మరి, ముట్టుకోనిచ్చేది గూడా మనిషిని చూసి ముట్టుకోనిస్తా. గురునాథానికి ఇస్తున్నానంటే ఆయన మొహంలో కళ ఉంది గనక."

కళ ఉన్న మొహం కింద గురునాథం చొక్కా బొత్తాము సర్దుకున్నాడు. బజారు చివర హారను మోగింది. గిద్దలూరు బస్సు కాదు, లారీ. అయినా నరసింహారావు చెయ్యి అప్పుడే తాడు కట్టిన స్టాండు కెమెరా మీద పడింది. ఆమె నాయన చెయ్యి ఆని ఆని నున్నబడిన కర్ర మీద, సరిగ్గా ఆ చోటే.

మహాలక్ష్మి అడ్డం వచ్చి నిలబడింది. "ఒక పని చెయ్యన్నా. లెన్సు ఇక్కడ పెట్టి పో. మా చిన్న కెమెరాకు అసలు బిగుస్తుందో లేదో చూసుకుంటాం. గని కాడికి పోయి ఒక రీలు తీస్తా, కడిగి చూస్తా. బొమ్మ బాగుంటే అప్పుడు మాట్లాడుకుందాం."

"పరీక్షా?" నరసింహారావు లేచి నిలబడ్డాడు. గొంతు వీధి అవతలికి పోయింది. "నాకు పరీక్ష పెడతారా? పులి ముందర నిలబడినోడికి? ఎస్సైతో సెల్యూట్ కొట్టించుకున్నోడికి? ఏం గురునాథం, నీ ఇంట్లో నాకు జరిగే మర్యాద ఇదేనా?"

"అది కాదన్నా, దానికేం తెలుసు..." గురునాథం నసిగాడు.

"దానికి తెలుసు గనకనే అడుగుతోంది" అంది మహాలక్ష్మి. "బిగుస్తుందా, బిగవదా? అంత చిన్న మాటకు పులొద్దు, మేకలొద్దు."

"బిగించడమా! ఇంకా బిగించే కాడనే ఉండారా మీరు!" నరసింహారావు కుడిచెయ్యి పైకెత్తాడు. "చెన్నయ్యా, మీ గనిలోనే జరిగింది, నువ్వే సాక్ష్యం."

"నేను లేను గదన్నా ఆడ?"

"లేకపోతే ఏం, గని మీదే గదా. పోయిన ఎండాకాలం మీ గని అంచున నిలబడి ఉంటే కాలు జారింది. నేను జారలే, కెమెరా జారి గుంతలో నీళ్ళలో పడిపోయింది. చేతిలో వట్టి లెన్సు. ఎదురుగా నల్లమల. ఏం చెయ్యాలి? అప్పుడే కోసిన పచ్చిపలక ఒకటి తీసి నీడలో పెట్టినా. దాని ముందర లెన్సు పట్టుకున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండలొచ్చి పలక మీద పడినాయి! చెట్లతో, పుట్టలతో, మంచుతో! తలకిందులుగా పడినాయి, పలకను తిప్పుకుంటే సరిపోయింది. లెన్సు తీసేసినా. బొమ్మ పోలే. నీళ్ళతో కడిగినా. పోలే. ఆకుపసరు వేసి బొగ్గుతో రుద్దినా. ఇంకా తేటపడింది! ఈ రోజుకీ ఆ కొండ మీద గాలి వీస్తే పలక మీద చెట్లు ఊగుతాయి. కొండ మీద వాన కురిస్తే పలక తడుస్తాది. మా ఇంట్లో దాన్ని చూసుకోనే గొడుగు తీసుకోని బయటికి పోతాం!"

"ఆహా" అన్నాడు చెన్నయ్య.

"అందుకని చెప్తున్నా వినండి." నరసింహారావు తొడ మీద చరుచుకున్నాడు. "ఫిల్ము దండగ! చీకటి గది దండగ! కెమెరా అనేదే దండగ! ఈ లెన్సు చేతిలో ఉండేటోడికి కెమెరాతో పనేందమ్మా, పనేంది?"

మహాలక్ష్మి ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది.

"మరి మా నాయన కెమెరా నీకెందుకన్నా?"

ముందు నవ్వింది ఆదెయ్య. తర్వాత చెన్నయ్య, అర్థమైనాక. గురునాథం నవ్వలేదు. తన భార్య వైపు, తువ్వాలు మీది లెన్సు వైపు చూసి, ఎవరూ చెప్పకుండానే వంగి కొబ్బరితాడు ముడి వెతకడం మొదలుపెట్టాడు. గట్టిగా కట్టాడేమో, పళ్ళతో విప్పాల్సి వచ్చింది.

ఈసారి నిజంగానే గిద్దలూరు బస్సు వచ్చింది. నరసింహారావు లెన్సును తువ్వాలులో చుట్టుకున్నాడు. మాటలు వెతుక్కుంటూ మెట్టు దిగి, ఊరక పోలేక వెనక్కి తిరిగాడు.

"అది... పని కోసం కాదు చెల్లెమ్మా. మూడు కాళ్ళతో ఇంట్లో అట్ల నిలబడి ఉంటే... ఒక గౌరవం."

"గౌరవానికైతే వంటింట్లో ముక్కాలిపీట ఉంది, తెచ్చిస్తా. ఎత్తుకపో" అంది మహాలక్ష్మి.